గింజల లెక్క

తుగ్గలికి ఆవల, బస్సు వెనక్కి తిరిగిపోయే చోట
రెండు గదుల బడి మాది.
నాపరాళ్ళ నేల. వేపకొమ్మకు
వేలాడే రైలుపట్టా ముక్క, అదే గంట.
కొట్టేది మద్దిలేటి.
ఊడ్చేది మాబున్నీ.
ఎవరు పెట్టారీ ఏర్పాటు అని
నన్నెవరూ అడగలేదు.
నన్ను నేనూ అడగలేదు.

ఒకనాడు ఊరికే, నిజంగా ఊరికే,
కొంగున కట్టుకొచ్చిన శెనక్కాయ గింజలు
బల్లమీద పోసుకున్నాను.
మగపిల్లాణ్ని పేరుపెట్టి పిలిస్తే కుడి గిన్నెలో ఒకటి,
ఆడపిల్లని పిలిస్తే ఎడమ గిన్నెలో.
మేడం ఏదో మొక్కు తీర్చుకుంటోందనుకున్నారు పిల్లలు.

సాయంత్రానికి కుడిపక్క ముప్పైనాలుగు.
ఎడమపక్క పదకొండు.
ఆ పదకొండులో
నీళ్ళు తెమ్మన్నవి నాలుగు,
చీపురెక్కడ అన్నవి రెండు,
"సక్కగా కూర్చో" అన్నవి మూడు.
మిగిలిన రెండు గింజల్నీ అరచేతిలో పెట్టుకుని
చాలాసేపు కూర్చున్నాను.
తినబుద్ధి కాలేదు.

నేనూ ఆడదాన్నే.
నన్ను చదివించడానికి మా నాయన
కాడెద్దుల్ని అమ్మినాడని
మహిళా దినోత్సవం నాడు
మైకులో చెప్పుకుని చప్పట్లు కొట్టించుకున్నదాన్నే.

మర్నాటి నుంచి చేతులు చూడటం మొదలుపెట్టాను.
ప్రశ్న పూర్తి కాకముందే మద్దిలేటి చెయ్యి
దూలాన్ని అందుకోబోతుంది. దాంట్లో జవాబుండదు.
మాబున్నీ చెయ్యి చెవిదాకా వచ్చి,
జడ సర్దుకున్నట్టు నటించి
దిగిపోతుంది.
నాలుగేళ్ళుగా నాకు కనపడింది జడే.

తొలకరి పడితే మా బడి ఖాళీ.
ఊరంతా చేలమీద వంగి వజ్రాలు వెతుకుతుంది.
అక్కడ మాత్రం ఆడపిల్లని ముందు నడిపిస్తారు.
"మా మాబుకు కండ్లు సూదులు మేడం,
బురదలో మెరిసేది దానికే కనపడ్తాది" అన్నాడు
వాళ్ళ నాయన దస్తగిరి.
ఆ కండ్లే నల్లబల్లమీద
నేను తప్పు చేసిన గుణకారాన్ని చూసి
వారం దినాలు దాచిపెట్టినాయి.
ఎందుకు చెప్పలేదే అంటే
"మీరు పెద్దోళ్ళు కదా" అంది.
వజ్రమని అనను నేనా పిల్లని.
వజ్రానికి ధర కట్టేది మళ్ళీ సేటే.

ఇక మద్దిలేటి సంగతి.
ఎం.ఇ.ఓ. వస్తాడన్న రోజు పొద్దున్నే వెళ్తే
వరండాలో పదిహేను చుక్కల ముగ్గు.
ఒక్క గీత వంకర లేదు.
పక్కన మోకాళ్ళమీద, వేళ్ళ నిండా సుద్దపొడితో, వాడు.
"ఒరే మద్దిలక్కా!" అని కిటికీలోంచి సుంకన్న.
అంతే. మడమతో తుడిచేశాడు,
చుక్కచుక్కనూ, తేలును తొక్కినట్టు.
ఆ రోజు నవ్వినవాళ్ళలో మాబున్నీ కూడా ఉంది.
ఈ మాట రాయకుండా దాటేద్దామనుకున్నాను.

మార్చాను.
సోమవారం గంట మాబున్నీకి, చీపురు మద్దిలేటికి.
"మావోనితో కసువు ఊడ్పిస్తావా" అంటూ
వాళ్ళవ్వ గేటుదాకా వచ్చి
నా ఏడుతరాల్నీ పలకరించి పోయింది.
మాబున్నీ కొట్టిన మొదటి దెబ్బ
గోనెసంచి మీద పడ్డట్టు వినపడింది. ఎవరూ కదల్లేదు.
"గట్టిగా కొడితే ఊరంతా వింటాది మేడం."
"వినేదానికే కదే గంట."
రెండో దెబ్బకు కొమ్మమీది గోరింకలు లేచినాయి.
మూడోది కొట్టమని నేను చెప్పలేదు.

గెలుపేం కాదిది.
నిన్న మళ్ళీ లెక్కపెడితే
కుడిపక్క ఇరవై ఆరు, ఎడమపక్క పంతొమ్మిది.
ఇవాళ గింజలు తేవడమే మర్చిపోయాను.
మధ్యాహ్నం గంట మోగాక చూస్తే
నా బల్లమీద ఎవరిదో పలక.
పొద్దుట్నుంచీ నేను పిలిచిన పేర్లన్నిటికీ
కుడివైపొక వరస, ఎడమవైపొక వరస
సుద్ద చుక్కలు.

ఒక్క చుక్క వంకర లేదు.